చూసినవాళ్ళూ విన్నవాళ్ళూ

పోయిన వారం మనం ఆ ఇంటి గుమ్మం దిగి వచ్చేసరికి, గువ్వ ఇంకా బడి సంచీ భుజం మీంచి దించనే లేదు. తొమ్మిదో తరగతి పిల్ల అలా కళ్ళలో నీళ్ళు కుక్కుకుని నిలబడితే అత్తకు గుండె జారిపోయింది. తీరా చూస్తే సంగతి చదువుది. నది వంపు దగ్గర తవ్వకాల్లో బయటపడ్డ పాత నగరం మీద గువ్వ రాసిన ప్రాజెక్టును హిస్టరీ మేడమ్ వెనక్కి ఇచ్చేసింది. "శత్రువులు నిప్పు పెట్టగా జనం రాత్రికి రాత్రే నగరం విడిచి పారిపోయారు" అన్న వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన రెండే మాటలు రాసింది. ఎవరు చూశారు? సోమవారానికల్లా జవాబు పట్టుకొస్తే ప్రాజెక్టు మ్యూజియం ప్రదర్శనకు వెళ్తుంది. లేకపోతే లేదు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు ఆడవాళ్ళు. నానమ్మ, ఆవిడ కూతురైన అత్త, మనవరాలు గువ్వ. గువ్వ తండ్రి లారీ డ్రైవరు. ఇంట్లో పడుకున్న రాత్రుల కంటే లారీలో పడుకున్న రాత్రులే ఎక్కువ. గువ్వ తల్లి, పిల్లకు ఇంకా మాటలు సరిగ్గా రాని వయసులో ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ పిల్లకు తల దువ్విందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ అత్తే. పెళ్ళి మాటెత్తితే "నాకెందుకొచ్చిన గొడవ" అని కొట్టిపారేసేది. అసలు కారణం అది కాదు. ఒకసారి ఇంట్లోంచి మనిషి వెళ్ళిపోవడం చూసిన ఇల్లు అది. గువ్వ బడికి బయల్దేరితే, ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా అత్త గుమ్మంలోనే ఉంటుంది. సాయంత్రం కాస్త ఆలస్యమైతే చేస్తున్న పని చేతిలోనే ఆగిపోతుంది. ఈ పిల్ల కూడా ఒకనాడు ఏదో ఒక మాట మీద తనను వదిలి వెళ్ళిపోతుందేమోనన్నదే ఆవిడకున్న ఏకైక భయం. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందేమోనని.

అత్త పనిచేసేది ఆ మ్యూజియంలోనే. పెద్ద ఉద్యోగమేం కాదు. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకుల్ని కడిగి, జతలు చూసి, అతికే పని. శనివారం బడి ఒంటిపూటే కాబట్టి గువ్వను వెంటబెట్టుకుని అక్కడికే తీసుకెళ్ళింది.

మ్యూజియం వెనకవైపు మెట్లు దిగితే ఆ గది. కిటికీలు లేవు. ఇనుప అరల నిండా ప్లాస్టిక్ ట్రేలు, ట్రేల నిండా పెంకులు. బల్ల మీద ఇసుక పోసిన తొట్టి ఉంది. అందులో సగం అతికిన కుండ ఒకటి పక్కకు ఒరిగి కూర్చుంది. జిగురు ఆరేదాకా కదలకుండా ఇసుకే దాన్ని పట్టుకుంటుంది.

"ముట్టుకోవచ్చా అత్తా?"

"చేతులు తుడుచుకో. బల్ల మీంచి పైకి లేపకు. అది పడితే నన్ను ఉద్యోగంలోంచి లేపుతారు."

గువ్వ ఒక్కో పెంకూ తిప్పి చూసింది. ప్రతి దాని వెనకా సన్నటి నల్ల సిరా గుర్తులు. ఏ గుంటలో దొరికింది, ఎంత లోతున, ఏ పొరలో అన్నీ అందులోనే. ఒక మూల ట్రేలో మాత్రం ఏ రాతా లేని పెంకులున్నాయి.

"వీటి మీద రాయలేదేంటి?"

"ఎక్కడ దొరికాయో తెలీదు కాబట్టి. ఎవరో తెచ్చి ఇచ్చిపోయారు. పాతవే, అనుమానం లేదు. కానీ ఎక్కణ్ణించి వచ్చాయో తెలీనప్పుడు ఏ ఇంటి గురించి సాక్ష్యం చెబుతాయి? నోరుండీ మూగవి, పాపం."

గువ్వ ఇసుక తొట్టిలోని కుండ దగ్గరికి వచ్చి వంగింది. కుండ కడుపు మీద అరచేయంత మేర రంగు వెలిసినట్టుంది.

"ఇక్కడ రంగు తేలిపోయింది. సరిగ్గా కలపడం రాలేదా నీకు?"

"వచ్చులేవే పిల్లా, నీ కంటికి దొరక్కుండా కలపగలను. ఆ ముక్క దొరకలేదు. సున్నపు ముద్దతో పూడ్చాం. పూడ్చిన చోట కావాలనే ఒక పిసరు లేతగా వేస్తాం. పాతదేదో, మేం నింపిందేదో చూసేవాళ్ళకి తెలియాలి. అచ్చంగా కలిసిపోయేలా వేశామనుకో, ఇక అది అతుకు కాదు, అబద్ధం."

గువ్వ ఆ మాటను ఊరికే పోనివ్వలేదు. బుగ్గన నాలుక పెట్టుకుని ఆలోచించింది. తరవాత తవ్వకాలప్పుడు తీసిన ఫోటోల పెట్టె అడిగింది. అత్త ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. నిజంగానే నిప్పు జాడ ఉంది. నల్లటి బూడిద పొర. కానీ అది కుమ్మరి బట్టీల వీధిలో మాత్రమే. కుండలు కాల్చే చోట బూడిద కాక పన్నీరుంటుందా? మిగిలిన ఇళ్ళలో పొయ్యిలు ఊడ్చి ఉన్నాయి. వాకిళ్ళలో పిండి విసిరే రాళ్ళను గోడవారగా చేర్చి, బోర్లించి పెట్టారు. ఒక ఇంట్లో కాదు, వరసగా ఇంటింటా.

"పారిపోయేవాళ్ళు రాళ్ళు బోర్లిస్తారా అత్తా?"

"నువ్వే చెప్పు."

"వానకి తడవకుండా, దుమ్ము పట్టకుండా పెట్టారు. అంటే మళ్ళీ వద్దామనుకున్నారు."

"ఆగు, ఆగు. రాళ్ళు బోర్లా ఉన్నాయి. ఇది చూసింది. వద్దామనుకున్నారు, ఇది మనం నింపింది. రెంటినీ ఒకే రంగులో రాయకు."

గువ్వ నవ్వింది. అత్తకు ఆ నవ్వు చూస్తే కడుపు నిండినట్టయింది. తన మెడకు తనే తాడు పేనుతున్నానని ఆ క్షణంలో ఆవిడకు తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద ఒక పక్క ఫోటోలు, ఒక పక్క పుస్తకాలు. గువ్వ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నానమ్మ ఉతికి ఆరేసిన బట్టలు మడతలు పెడుతూ ఆ పుస్తకాల వంక అనుమానంగా చూస్తోంది. అత్త చిరిగిన దిండు గలీబు కుడుతోంది.

"చచ్చిపోయినవాళ్ళు ఎందుకెళ్ళారో తెలుసుకుని ఇప్పుడు వాళ్ళని వెనక్కి పిలుస్తావా ఏంటే?" అంది నానమ్మ.

"మేడమ్ అడిగింది నానమ్మా."

"మూడు పుస్తకాల్లో ఉందన్నావుగా? మూడు నోళ్ళు ఒకే మాట చెబుతుంటే ఇంకేం కావాలి? నిప్పు లేందే పొగొస్తుందా?"

"పొగ బట్టీది నానమ్మా. ఇటు చూడు." గువ్వ హుషారుగా ముందుకు జరిగింది. "ఇది మా పాఠ్య పుస్తకం. ఇది ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి ఇచ్చే చిన్న పుస్తకం. ఇది ఎవరో ప్రొఫెసరు రాసింది. మూడింట్లోనూ నగరానికి ఏడు ద్వారాలన్నారు. తవ్వితే దొరికినవి మూడే. నాలుగోదానికి చోటు కూడా లేదు, అటు నదే."

"లెక్క తప్పారేమో."

"ఒకళ్ళు తప్పితే తప్పారనుకుంటాం. ముగ్గురూ ఒకే తప్పు చేశారంటే?"

నానమ్మ మడత ఆపింది. "ఒకడి పలకలో చూసి ఒకడు రాసుంటాడు. మీ నాన్నా అంతే, చిన్నప్పుడు పక్కవాడి తప్పుతో సహా దింపేవాడు."

"అదే! ముగ్గురూ ఈ నాలుగో పుస్తకంలో చూసి రాశారు. ఇది అన్నిటికంటే పాతది, ఒక యాత్రికుడిది. ఆయన మొదటి పేజీల్లోనే చెప్పుకున్నాడు, నది పొంగుతుంటే అవతలికి దాటలేదట. ఇవతలి ఒడ్డున పడవవాడు చెప్పింది విని రాసుకున్నాడట. ముగ్గురు సాక్షులున్నారనుకున్నా నానమ్మా. ఒక్కడే. వాడూ చూళ్ళేదు."

"ఓరి వీడి పుస్తకం మండా," అంది నానమ్మ. అత్త సూదిని గలీబులో గుచ్చి ఉంచి ఫక్కున నవ్వింది. ఆ పూటకు అంతా బాగానే ఉంది. అక్కడితో పుస్తకాలు మూసేసి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేదేమో.

గువ్వ ఆ యాత్రికుడి వాక్యాన్ని తన కాగితం మీదికి దింపుకుంటూ పైకి చదివింది. "జనులు వెనుదిరిగి చూడక వెడలిపోయిరి." ఇంకోసారి చదివింది. కలం ఆగింది.

"అత్తా."

"ఊఁ."

"అమ్మ గురించి కూడా ఇలాగే అంటారు కదా మీరందరూ. వెనక్కి తిరిగైనా చూడకుండా వెళ్ళిపోయింది అని."

సూది అత్త వేలిలో దిగింది. నానమ్మ చేతిలోని తువ్వాలు సగం మడతలో నిలిచిపోయింది.

"నువ్వూ అదే అంటావు, నాన్నా అదే అంటాడు, నానమ్మా అదే అంటుంది." గువ్వ గొంతులో కోపం లేదు. ద్వారాల గురించి మాట్లాడినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అదే అత్తను ఎక్కువ భయపెట్టింది. "మాట కూడా మారదు. తిరిగైనా. ముగ్గురూ తిరిగైనా అనే అంటారు. ఎవరు చూశారత్తా?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? సోమవారం ఇవ్వాల్సింది..."

"నువ్వు చూశావా?"

అత్త వేలు నోట్లో పెట్టుకుంది. ఆ దృశ్యం ఆవిడ కళ్ళ ముందు ఎన్నేళ్ళుగానో ఉంది. వదిన వీపు, భుజాన సంచీ, వీధి మలుపు, తిరగని మెడ. ఎంత స్పష్టంగా అంటే, జడకు కట్టుకున్న రిబ్బను రంగు కూడా చెప్పగలదు. అయితే ఆ రోజు తను పొద్దున్నే పనికి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేసరికి వదిన లేదు. లేని దృశ్యానికి రిబ్బను కట్టిందెవరు?

"చూళ్ళేదు," అంది అత్త. "మీ నాన్న చెప్పాడు."

గువ్వ మరుక్షణమే ఫోను తీసి తండ్రికి కలిపింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. లారీ ఎక్కడో ఆగినట్టుంది, ఇంజను చప్పుడు లేదు.

"ఏంటి గువ్వమ్మా, నీ ఊరు ఇంకా తగలబడుతూనే ఉందా?"

"ఆర్పేశాను నాన్నా. ఒకటి అడగాలి. అమ్మ వెళ్ళిపోయినప్పుడు నువ్వు చూశావా?"

అటువైపు నవ్వు తెగిపోయింది. "అదెందుకిప్పుడు?"

"చెప్పు. చూశావా, విన్నావా?"

"నేనెక్కడున్నానే ఇంట్లో? లోడుతో దారిలో ఉన్నా. వచ్చేసరికి అంతా అయిపోయింది. మీ నానమ్మే చెప్పింది." ఆయన గొంతు తగ్గించి, ఎవరో పక్కనున్నట్టు మాట్లాడాడు. "గువ్వా, నేను మళ్ళీ చేస్తానుండు."

"పెట్టేయకు నాన్నా. నానమ్మని అడిగేదాకా ఉండు."

నానమ్మ తువ్వాలును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఎవరి మీద గాలివాన వచ్చినా ముందు ఆవిడ నోరే లేచేది. ఇవాళ లేవలేదు.

"నానమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా ఆ రోజు?"

"ఇంట్లోనే ఉన్నాను. ఉండి ఏం లాభం? కంటికి ఆపరేషనైన వారం అది. రెండు కళ్ళకీ కట్టు. మంచం దిగాలంటే ఎవరో చెయ్యి పట్టుకోవాలి. వెనక్కి చూసిందో, ఆకాశం వంక చూసిందో, గుడ్డిదాన్ని నాకేం తెలుస్తుంది?"

"మరి నీకెవరు చెప్పారు?"

"ఇదిగో, మీ అత్తే."

"నేనా?" అత్త కుర్చీలోంచి లేచింది. "నేనెప్పుడు చెప్పానమ్మా? నాకు అన్నయ్య కదా చెప్పింది!"

గువ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత చూపుడు వేలితో బల్ల మీద నెమ్మదిగా ఒక సున్నా చుట్టింది.

"అత్తకి నాన్న చెప్పాడు. నాన్నకి నానమ్మ చెప్పింది. నానమ్మకి అత్త చెప్పింది. గానుగెద్దులాగా ఆ మాట మనింట్లోనే తిరుగుతోంది. ఆ యాత్రికుడికి కనీసం పడవవాడైనా ఉన్నాడు. మనకి వాడూ లేడు."

ఫోనులోంచి ఏదో పెద్ద బండి దాటిపోయిన చప్పుడు వచ్చింది. అత్త మళ్ళీ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ పిల్ల ఏడ్చి అడిగినప్పుడల్లా ఈ మాటే చెప్పింది తను. ఓదార్పుగానే చెప్పింది, మనల్ని వద్దనుకున్న మనిషి కోసం మనమెందుకమ్మా ఏడవాలి అని. ఆ మాట పట్టుకుని ఆ పిల్ల ఏడవడం మానేసింది. అడగడం కూడా మానేసింది.

"ఎందుకు లేదే సాక్షి," అంది నానమ్మ ఉన్నట్టుండి. చూపు మాత్రం కూతురి మీదే ఉంది. "నీ నోటితో నువ్వే చెప్పెయ్యరాదూ? ఇంకా ఎంతకాలం మొయ్యను దీన్ని?"

"ఏం చెప్పాలమ్మా?"

"చూసింది నువ్వే కదా. తలుపు దగ్గర ఉన్నది నువ్వే కదా."

"నేను తలుపు దగ్గర... ఏమంటున్నావు?"

నానమ్మ రెండు చేతుల్తోనూ తువ్వాలును పిండింది. "కళ్ళు కట్టేశారు కానీ చెవులు కట్టెయ్యలేదుగా ఎవరూ. మీ వదిన చెప్పుల చప్పుడు విన్నాను. పిల్ల మంచం దగ్గరికి పోయింది, చాలాసేపు అక్కడే ఉంది. తరవాత వీధి తలుపు తీసిన చప్పుడు. బయటి నుంచి ఆడగొంతు. 'పద వదినా, ఆలస్యమైతే బండి దొరకదు' అని. దాన్ని వదినా అని పిలిచేదానివి ఈ ఇంట్లో నువ్వొక్కదానివే. నువ్వే పంపించేశావనుకున్నాను. మీ ఇద్దరికీ పొసిగేది కాదుగా అప్పట్లో. కన్నకూతురి మీద కొడుక్కి ఏమని చెప్పను? నోరు కుట్టేసుకున్నాను. నువ్వు ఎవరితోనో అంటుంటే వినబడింది, వెనక్కి తిరిగైనా చూడలేదని. చూసింది కాబట్టి అంటోందిలే అనుకున్నాను."

"అమ్మా!" అత్త గొంతు ఆవిడదిలా లేదు. "ఇన్నేళ్ళు నా గురించి అలా అనుకుంటూ నా చేతి అన్నం తిన్నావా? ఒక్కసారి అడగలేకపోయావా?"

"నన్నెవరైనా అడిగారా? నువ్వేం చూశావు, నువ్వేం చూశావు అనడమే తప్ప, నువ్వేం విన్నావని ఇవాళ్టిదాకా ఈ ఇంట్లో ఒక్కరు అడిగారా?"

"నేను మ్యూజియంలో ఉన్నానమ్మా ఆ రోజు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాను."

అప్పుడు గువ్వ అత్త వైపు తిరిగింది. ఆ పిల్ల ముఖంలో ద్వేషం లేదు. అడగక తప్పదన్న బాధ ఉంది. అడగకుండా ఉండలేని నిజాయితీ ఉంది. దాన్ని నేర్పింది తనేనని అత్తకు తెలుసు.

"ఎవరు చూశారత్తా?"

కిటికీలు లేని గది. ఇసుక తొట్టి. ట్రేలు. తలుపు వేసుకుని ఒంటరిగా చేసే పని. ఎవరైనా వచ్చారా ఆ రోజు? స్టోరు తాళాలు ఇచ్చే ఆయన సెలవులో ఉన్నట్టు గుర్తు. గుర్తు, అంతే. ఆయన వచ్చాడని ఒక్క మాట అనేస్తే సరిపోతుంది. ఆయన ఇప్పుడు ఈ లోకంలో లేడు, కాదనేవాళ్ళు లేరు. పిల్ల నమ్ముతుంది, మళ్ళీ నవ్వుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ చూళ్ళేదు గువ్వా," అంది అత్త. "నా మాట తప్ప నా దగ్గర ఇంకేం లేదు."

గువ్వ తల దించుకుంది. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. బెత్తెడు దూరం కూడా ఉండదు. అయినా అత్తకు ఆ బెత్తెడులో వీధి మలుపు కనిపించింది.

"చెల్లీ," అంది ఫోను.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఆయన లైనులోనే ఉన్నాడని మరిచిపోయారు.

"అది నువ్వు కాదు చెల్లీ. అమ్మా, వింటున్నావా? ఆ గొంతు దానిది కాదు."

"నీకెలా తెలుసు నాన్నా?" గువ్వ ఫోనును దగ్గరికి లాక్కుంది. "చూశావా?"

"చూళ్ళేదు. విన్నాను."

"ఎవరి దగ్గర?"

లారీ తలుపు తీసి మళ్ళీ వేసిన చప్పుడయింది. ఇద్దరు మనుషులు సన్నగా గుసగుసలాడుకున్నట్టుంది. ఆయన వద్దంటున్నాడు. రెండో మనిషి వినడం లేదు.

తరవాత ఒక ఆడగొంతు పలికింది. బొంగురుపోయి ఉంది, చాలాసేపట్నుంచి ఏడుపు ఆపుకుంటున్న మనిషిలా.

"నా దగ్గర విన్నారమ్మా. నేనే చెప్పాను."

నానమ్మ ఒళ్ళోని తువ్వాలు జారి నేల మీద పడింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ చాచి, ఫోను వైపు చెవి ఒగ్గింది.

గువ్వకు ఆ గొంతు తెలియదు. తెలిసే వయసులో వినలేదు. ఫోను వంక చూసింది, నానమ్మ వంక చూసింది. చివరికి ఎప్పుడూ చూసే చోటికే, అత్త ముఖంలోకి చూసింది.

"ఎవరత్తా?" అంది.